దస్తఖత్ అంటే గవాహీ

2024 జూలై 19 యాదుందా? మన హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన రోజు. మైక్రోసాఫ్ట్ ఖరాబైందని చాలామంది అనుకున్నారు. అసల్‌లో గల్తీ క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీది. వాళ్లు పంపిన చిన్న అప్‌డేట్ ఫైలు ఒకటి దునియా మొత్తంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది.

తర్వాత ఆ కంపెనీయే బయటపెట్టిన రిపోర్టు చదివితే నాకు గుస్సా కన్నా అఫ్సోస్ ఎక్కువైంది. కొత్త రూల్ 21 ఖానాలు అడుగుతోంది, లోపలి కోడ్ ఇచ్చేది 20 మాత్రమే. టెస్టులు చేయలేదా అంటే, చేశారు. మగర్ ఆ టెస్టుల్లో 21వ ఖానాలో "ఏదైనా సరే" అని పెట్టారు. దాంతో ఆ ఖానా జోలికి ఎవరూ పోలేదు, అన్నీ పాస్. ఫైలును తనిఖీ చేసే ప్రోగ్రామ్ కూడా హా అనేసింది. పైగా ముందు కొద్దిమందికి పంపి చూసే ఇంతెజామ్ లేదు, అందరికీ ఏక్‌దమ్ పంపేశారు. 78 నిమిషాల్లో వాపస్ తీసుకున్నారు గానీ, అప్పటికే పడిపోయిన కంప్యూటర్లను చాలాచోట్ల ఒక్కొక్కటిగా మనుషులే వెళ్లి లేపాల్సి వచ్చింది.

20కీ 21కీ తేడా! రెండు వైపుల కోడూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కరు తసల్లీగా చదివితే కనపడేదే కదా అనిపిస్తుంది నాకు.

మన ఖాందాన్లలో ఇప్పుడు ఇంటికొక సాఫ్ట్‌వేర్ పిల్లో పిల్లోడో ఉన్నారు. టెస్టింగ్ అంటే వాళ్ల అమ్మీలకు ఇంకా "కోడింగ్ రానివాళ్ల పని". నేను ఏళ్లుగా చేస్తున్నది అదే పని కాబట్టి ఈ మాట నాకు షాదీల్లో బిర్యానీతో పాటు వడ్డిస్తుంటారు. సరే, పోనీ. నా షికాయత్ వేరే ఉంది. 400 లైన్ల కోడ్ రివ్యూకి వస్తే రెండు నిమిషాల్లో "బాగుంది" అని అప్రూవల్ కొట్టేసేవాళ్ల మీద. నిఖానామా మీద గవాహ్‌గా దస్తఖత్ పెట్టేవాడు ఖుబూల్ అన్న మాట చెవులారా విన్నాకే కలం తీస్తాడు. కోడ్ కింద పేరు పెట్టడమూ గవాహీయే. చూడకుండా చెప్పే గవాహీని ఏమంటారో మన ఇళ్లల్లో చిన్నపిల్లలకీ తెలుసు.

లేకిన్ ఏదైనా పగిలితే ముందు దొరికేది రాసిన జూనియరే. అది బేఇన్సాఫీ. గల్తీ ఎవరైనా రాస్తారు, దాన్ని ఆపడానికే రెండో పేరు పెట్టేది. ఆ రెండో మనిషికి చదివే ఫుర్సత్ ఇవ్వకుండా "సాయంత్రానికల్లా పంపేయాలి" అని నెత్తిన కూర్చున్న మేనేజర్‌కీ ఆ జిమ్మేదారీలో హిస్సా ఉంది.

నేనైతే అప్రూవ్ చేసినవాళ్లను ఒక్కటే అడుగుతాను: "దీన్ని పగలగొట్టడానికి నువ్వేం చేసి చూశావు?" జవాబు లేకపోతే రిలీజ్ ఆగుతుంది. ఆఫీసులో కొందరు నన్ను దారోగా అంటారు. అననీ.