గడప దాకా వచ్చే హెచ్చరిక

పూర్వం మన పల్లెల్లో ఏదైనా ముఖ్యమైన సంగతి ఊరందరికీ తెలియవలసి వస్తే టముకు వేయించేవారు. ఆ చప్పుడు వినగానే జనం చేతిలో పని ఆపి వీధిలోకి వచ్చేవారు. చెప్పేవాడు ఎరిగినవాడు, చెప్పేది తమ ఊరి సంగతి. ఆపత్సమయంలో ఈ రెండు గుణాలూ ఎంత విలువైనవో పొరుగుదేశమైన బంగ్లాదేశ్ అపారమైన మూల్యం చెల్లించి తెలుసుకున్నది.

1970 నవంబరు 12 రాత్రి, నాటి తూర్పు పాకిస్తాన్ తీరాన్ని భోలా తుపాను ముంచెత్తింది. మూడు లక్షలకు పైగా ప్రజలు మరణించారని అంచనా. ముందుగా ఎవరికీ తెలియదా అంటే, తెలియకపోలేదు. తుపాను వస్తున్నదని తీరవాసులలో చాలామంది విన్నారు. అయినా గట్టి కట్టడాలను ఆశ్రయించినవారు అతిస్వల్పం. వచ్చే ఉప్పెన ఎంతటిదో, ఎప్పుడు ఇల్లు విడవాలో, ఎక్కడికి పోవాలో ఆ వార్త వారికి బోధపరచలేకపోయింది.

1972లో అక్కడ రెడ్‌క్రాస్ పూనికతో తుపాను సన్నాహక కార్యక్రమం ఆరంభమయింది. మరుసటి సంవత్సరం ప్రభుత్వమూ చేయి కలిపింది. రెండు మూడు వేల జనాభాకు ఒక దళం చొప్పున ఏర్పాటు చేశారు. దళంలోనివారందరూ స్థానికులే, జీతం ఆశించని స్వచ్ఛంద సేవకులే. పైనుంచి వైర్‌లెస్‌లో కబురు అందగానే బావుటాలు ఎగురవేస్తారు. ఒకటి జాగ్రత్తకు, రెండు ప్రమాదానికి, మూడు మహాప్రమాదానికి గుర్తు. అక్షరం ముక్క రానివారికి సైతం అర్థమయ్యే భాష అది. ఆపైన మెగాఫోన్లు, చేతితో తిప్పే సైరన్లు పట్టుకొని ఇంటింటికీ వెళ్లి చెబుతారు.

అయినా ఆ ఏర్పాటులో ఒక లోపం మిగిలిపోయింది. 1991 ఏప్రిల్ 29న వచ్చిన తుపానులో సుమారు 1,38,000 మంది మరణించారు. వారిలో స్త్రీల సంఖ్య పురుషుల సంఖ్యను ఎంతో మించిపోయింది. వాకిట నిలిచి పురుషుడు చేసిన హెచ్చరిక లోపలి గదిలోని ఇల్లాలిని కదిలించలేకపోయింది. పిల్లలను, పశువులను విడిచి, భర్త రాకముందే, పరపురుషులతో కిక్కిరిసిన ఆశ్రయానికి పోవడానికి ఎందరో సంకోచించారు. ఆ సంకోచాన్ని తొలగించగలిగినది మరొక స్త్రీ మాత్రమే. నేడు ఆ కార్యక్రమంలోని 76,000 మందికి పైగా సేవకులలో సగం మంది స్త్రీలే.

2020 మే నెలలో అంఫన్ తుపాను వచ్చినప్పుడు బంగ్లాదేశ్‌లో ఇరవై లక్షలకు పైగా ప్రజలు ముందే ఆశ్రయాలకు చేరారు. అక్కడ మృతుల సంఖ్య పదులలోనే నిలిచింది. తుపానులన్నీ ఒక్క తీరున ఉండవు. మెరుగైన వాతావరణ సూచనలకు, కొత్త ఆశ్రయ భవనాలకు కూడా ఈ ఘనతలో వాటా ఉన్నది. కాని ఆ భవనాల దాకా జనాన్ని నడిపించినది తెలిసిన గొంతు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో దాదాపు పదివేలమందిని కోల్పోయిన తెలుగువారికి ఈ పాఠం పరాయిది కాదు. నేడు హెచ్చరిక క్షణంలో ప్రతి సెల్‌ఫోనునూ చేరుతున్నది. అయితే మూడవ అంతస్తులో ఒంటరిగా ఉండే, చెవులు సరిగా వినపడని వృద్ధురాలి తలుపు తట్టేది ఎవరు? ప్రతి వీధి, ప్రతి వాడ, ప్రతి గృహసముదాయం ఆ పేరును మేఘం పట్టకముందే నిర్ణయించుకోవాలి.