బీరువాలో చిలకపచ్చ

"పాత పట్టుచీరలు కొంటాం!" వీధిలో ఈ కేక వినబడితే నాకు గుండె కలుక్కుమంటుంది. అలా వెళ్లిన చీరల్ని కాల్చి, జరీలోని వెండి తీస్తారు. అసలు జరీ అంటే పట్టుదారానికి చుట్టిన వెండి తీగ, దానిపై బంగారు పూత.

ఈ సంచిక ఆ చీరల కోసం. చిలకపచ్చకి కనకాంబరం అంచు, వంకాయ రంగుకి పసుపు కొంగు: మన అమ్మమ్మలు జంకు లేకుండా కట్టిన రంగులివి. లేత రంగులకు అలవాటుపడ్డ మన కళ్లకే అవి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. రంగులే కాదు, నేత కూడా గొప్పదే: గద్వాల్ చీరనే చూడండి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ మగ్గం మీదే పోగుపోగునా కలుపుతారు. ఆ ఓపికకు వెండి తూకంలో వెల కట్టడం అన్యాయం.

పాత చీర కొంటుంటే వెలుతురుకు ఎదురుగా పట్టి మడతలు చూడండి, పట్టు ముందుగా చిట్లేది అక్కడే. కొద్దిగా చిట్లితే వెనక పలుచని గుడ్డ వేసి కుట్టించుకోవచ్చు. కొన్నాక పెళ్లిళ్ల కోసం దాచకండి. మామూలు జాకెట్టు మీద, ఆఫీసుకే కట్టండి.

ఈ ఆదివారం మీ ఇంటి బీరువా తెరవండి. ఆ కేక మీ వీధికొస్తే, దయచేసి చీర ఇవ్వకండి.