అవ్వ కుండ... షోరూమ్ కప్పు

కడపలో ఎండాకాలం వచ్చిందని తెలుసుకోవడానికి క్యాలెండర్ చూడనక్కర్లేదు. రోడ్డు పక్కన గడ్డి పరిచి, దాని మీద కుండలు బోర్లించారంటే వచ్చేసినట్టే. మొన్న వేసవిలో ఓ మధ్యాహ్నం నేనూ అలాంటి చోట బండి ఆపాను. తలమీద కొంగు కప్పుకుని, గొడుగు నీడలో ఓ అవ్వ కూర్చుని ఉంది. కుళాయి బిగించిన కుండ ఒకటి చూపించి అడిగాను.

‘‘ఎంతవ్వా?’’

‘‘రెండొందల యాభై నాయనా.’’

‘‘పగిలేదానికి అంత రేటా? రెండొందలకిస్తావా?’’

‘‘పగిలేది నిజమే నాయనా. చేసేవాళ్ల చేతులు గూడా పగుల్తాయి గదా. చెరువు మట్టి తోలడానికి ట్రాక్టరు బాడుగే ఎంతయితాందో తెలుసునా?’’

నేను బండి ఎక్కబోయినట్టు నటించాను. అందరికీ తెలిసిన విద్యే కదా! అవ్వ కాసేపు చూసి, ‘‘సరే, తీస్కపో’’ అంది. కుండ ఒళ్లో పెట్టుకుని ఇంటికొచ్చి, యాభై తగ్గించానని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

నెల తిరిగేసరికి హైదరాబాద్‌లో ఓ స్నేహితుడి గృహప్రవేశం. కానుక కోసం ఒక పెద్ద షోరూమ్‌లోకి వెళ్లాను. చల్లటి ఏసీ, సన్నటి సంగీతం, గాజు అరలో నీలం రంగు మట్టి కప్పు. ధర తొమ్మిది వందలు. పక్కన చిన్న అట్టముక్క మీద ‘చేత్తో చేసినది. ఏ రెండూ ఒకేలా ఉండవు’ అని రాసి ఉంది. మారు మాట్లాడకుండా కార్డు తీసి ఇచ్చాను.

రైల్లో తిరిగొస్తుంటే నిద్ర పట్టలేదు. అవ్వ కుండా చేత్తో చేసిందే. దానికీ జోడీ ఉండదు. అక్కడ దాన్ని వంకర అన్నాను, ఇక్కడ కళ అన్నాను. ఈ వారం ముచ్చట ఆ యాభై రూపాయల గురించే.

మన నేల విద్యే

‘సిరామిక్ ఆర్ట్’ అనగానే అదేదో మనది కాని విద్య అనుకుంటాం. ఆ మాట గ్రీకు భాషలో కుమ్మరి మట్టికి ఉన్న పేరు నుంచి వచ్చింది. మట్టిని మలిచి, నిప్పులో కాల్చిందేదైనా సిరామిక్కే. ఆ లెక్కన మన కార్తీక ప్రమిదా సిరామిక్కే, బాత్రూమ్ టైలూ సిరామిక్కే.

ఆ విద్యలో మన సీమ చేయి ఎంత పాతదో చూడండి. కడప జిల్లా శంఖవరంలో దొరికిన ఓ మట్టి శవపేటిక పురావస్తు శాస్త్రంలో పేరుపడ్డది. ఇనుప యుగం నాటిది. చనిపోయినవాళ్ల కోసం చేసిన ఆ పెట్టెకు జంతువు రూపం ఇచ్చారు. కేవలం అవసరమే అయితే నాలుగు పలకల పెట్టె చాలు. కానీ ఆ పేరు తెలియని కుమ్మరి అక్కడితో ఆగలేదు. ఇప్పుడైతే దాన్ని శిల్పం అంటాం, చేసినవాళ్లను కళాకారులంటాం.

కర్నూలు వైపు పాతపాడు ఉంది. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ సేకరణ మద్రాసు మ్యూజియానికి చేరింది. అందులో ఈ ఊరి మట్టిపాత్రలూ ఉన్నాయి. రాతి పనిముట్లతో పాటు రాగి వాడిన కాలం నాటివి. ఎర్రటి పూత మీద ముదురు రంగు గీతలు, ధార కట్టేలా పొడవాటి కాలువ మూతి ఉన్న గిన్నె. ఒలికిపోకుండా పోయాలంటే మూతి ఎలా ఉండాలని ఎవరో కూర్చుని ఆలోచించారన్నమాట. ఇప్పటి భాషలో దాన్నే డిజైన్ అంటున్నాం.

సీమతో పాటు దక్షిణాదిలో చాలాచోట్ల సమాధుల్లో దొరికే నలుపు-ఎరుపు కుండలు మరో వింత. ఒకే కుండ. లోపలా అంచూ నల్లగా, బయట ఎర్రగా ఉంటుంది. రెండు రంగులు పూసి చేసింది కాదు. కుండను బోర్లించి కాలిస్తే, గాలి తగలని చోట నల్లబడుతుంది, తగిలిన చోట ఎర్రబడుతుంది అని పండితులు వివరిస్తారు. నిప్పుకి ఎంత గాలి ఇవ్వాలో తెలిసినవాళ్లు చేసిన పని అది.

ఇక మన మొల్ల! బద్వేలు దగ్గరి గోపవరం ఆడపడుచని కడపవాళ్లం చెప్పుకుంటాం, కాదు మా గోపవరమేనని నెల్లూరువాళ్లూ అంటారు. కుమ్మరి ఇంట పుట్టి, సంస్కృత పండితులు రాజ్యమేలే రోజుల్లో తెలుగులో రామాయణం చెప్పింది. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద విగ్రహమై నిలబడింది. పాత కథను కొత్తగా, అందరికీ అర్థమయ్యేలా చెప్పడమే ఆమె చేసింది. పాతమట్టితో కొత్తకుండ చేయడమంటే అదే కదా!

జాడీ కూడా ఒకప్పుడు కొత్తదే

మనం సంప్రదాయం అనుకునేవి కూడా ఒకప్పుడు కొత్తగా వచ్చినవే. అమ్మమ్మ ఊరగాయ జాడీనే తీసుకోండి. మామూలు కుండలో ఆవకాయ పెడితే నూనె చెమర్చుకుంటుంది. జాడీ అలా కాదు. బాగా ఎక్కువ వేడిలో, పన్నెండు వందల డిగ్రీల పైన కాల్చిన గట్టి మట్టి అది. పైన గాజులాంటి పూత. దీన్నే గ్లేజ్ అంటారు. జర్మనీ కుమ్మరులైతే ఆవం బాగా కాలుతున్నప్పుడు అందులోకి మామూలు ఉప్పు విసిరేవారు. ఉప్పులోని సోడియం ఆవిరై, మట్టిలోని సిలికాతో కలిసి గాజుపొర కట్టేది.

ఉత్తరాదిన జాడీని ‘మర్తబాన్’ అంటారు. బర్మాలో మర్తబాన్ అనే రేవు పేరు అది. ఆ రేవు మీదుగా ఓడల్లో వచ్చిన పెద్ద పెద్ద గ్లేజు జాడీలకు ఊరి పేరే స్థిరపడింది. ఓడ దిగి వచ్చిన వస్తువు మన వంటింట్లో మడి కట్టుకుని కూర్చుంది. ఇప్పుడు దాన్ని పరాయిదని ఎవరైనా అనగలరా?

ఎండకు విరుగుడు

అలాగని పూత పూస్తేనే గొప్ప అనుకోకండి. అవ్వ అమ్మిన కుండకు గ్లేజు వేశారనుకోండి, అది చూడ్డానికే తప్ప నీళ్లు చల్లబరచడానికి పనికిరాదు.

కుమ్మరి మట్టిలో ఇసుక, బూడిద లాంటివి కలుపుతాడు. కొన్నిచోట్ల పొట్టు, పేడ కూడా కలుపుతారు. ఆవంలో ఆ పొట్టు కాలిపోయి సన్నటి రంధ్రాలు మిగులుతాయి. నీళ్లు వాటిలోంచి ఊరి, బయటికొచ్చి ఆవిరవుతాయి. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కెలోరీల వేడి కావాలి. ఆ వేడిలో చాలా భాగం కుండలోని నీళ్ల నుంచే పోతుంది. లీటరు నీళ్లు అయిదు డిగ్రీలు చల్లబడాలంటే లెక్క ప్రకారం తొమ్మిది గ్రాముల నీరు ఆవిరైతే చాలు. అంటే రెండు చిన్న చెంచాలు. కరెంటు బిల్లు లేదు!

ఇందులో మనకో అదృష్టం కూడా ఉంది. గాలిలో తేమ ఎక్కువుంటే నీరు త్వరగా ఆవిరి కాదు. అందుకే కోస్తా ఉక్కపోతలో కుండ అంతగా చల్లబరచలేదు. మన పొడిగాలిలో మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కడప ఎండను మనం తిట్టుకుంటాం గానీ, కుండకు అదే బలం.

కొత్త కుండ కొన్నాక ఒకరోజు నీళ్లలో నానబెట్టాలి. సబ్బు పెట్టి తోమొద్దు, ఆ రంధ్రాలు సబ్బును పీల్చుకుంటాయి. కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి చూడండి. ఖంగుమంటే బాగా కాలినట్టు, బొక్కుమంటే ఎక్కడో చీలిక ఉన్నట్టు. తళతళ మెరిసే రంగుల మట్టిగిన్నెల్లో మాత్రం చింతపండు పులుసు, ఊరగాయ పెట్టకండి. తక్కువ వేడిలో కాల్చిన కొన్ని రంగుపూతల్లో సీసం ఉంటుంది, పులుపు దాన్ని బయటికి లాగుతుంది. ఆహారానికి పనికొస్తుందని చెప్పి అమ్మినవే వాడాలి.

సారె దగ్గర కొత్తవాళ్లు

వందేళ్ల కిందట మనవాడొకడు ఈ విద్య కోసం జపాన్ వెళ్లాడు. పేరు గురుచరణ్ సింగ్. 1919 నుంచి 1922 దాకా అక్కడ ఉన్నాడు. హమాదా, ఇంగ్లిష్ కుమ్మరి బెర్నార్డ్ లీచ్ లాంటి వాళ్లతో స్నేహం చేశాడు. తిరిగొచ్చి ఢిల్లీలో తన ‘బ్లూ పాటరీ’తో మన దేశంలో స్టూడియో కుమ్మరానికి దారి వేశాడు. 1995లో కన్నుమూసేదాకా మట్టితోనే గడిపాడు.

మనకు దగ్గరిది పుదుచ్చేరి. డెబోరా స్మిత్, రే మీకర్ అనే అమెరికన్ దంపతులు 1971లో అక్కడ ‘గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ’ పెట్టారు. పక్క ఊళ్లవాళ్లకు పని నేర్పారు, దేశం నలుమూలల నుంచీ వచ్చిన విద్యార్థులను తయారుచేశారు. మీకర్ అయితే మట్టి ఇటుకలతో ఇల్లు కట్టి, లోపల మంట పెట్టి ఇంటినే ఆవంలా కాల్చిన మనిషి. మన ఊరి కుమ్మరి విద్యే అది. కాకపోతే కుండ బదులు ఇల్లు!

తెలుగునేల మీద నుంచి వెళ్లిన పి.ఆర్.దరోజ్ హైదరాబాద్‌లో, బరోడాలో చదువుకుని నిలువెత్తు మట్టి ద్వారాలతో పేరు తెచ్చుకున్నాడు. బరోడాలో జ్యోత్స్నా భట్ ఎంతోమందికి పాఠం చెప్పి, 2020లో వెళ్లిపోయింది. 2018లో జైపూర్ జవహర్ కళాకేంద్రంలో దేశంలోనే మొదటి సిరామిక్స్ త్రైవార్షిక ప్రదర్శన జరిగింది. రెండోది 2024లో ఢిల్లీలో.

మన పొరుగునే పలమనేరు ఉంది. బెంగళూరు రోడ్డు మీద వెళ్లేవాళ్లకు ఆ మట్టిబొమ్మలు, కుండీలు పరిచయమే. సంగటి కుండతో పాటు అలంకరణ వస్తువులూ చేసి నిలదొక్కుకున్న చేతులవి. 2018లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ కుమ్మరులకు కరెంటు సారెలు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. బరువైన సారెను కర్రతో తిప్పే శ్రమ పోయింది. చాలాచోట్ల ఆడవాళ్లు మట్టి తొక్కుతారు, రంగులేస్తారు, అమ్ముతారు గానీ సారె ముందు కూర్చోరు. మీట నొక్కితే తిరిగే సారె ఆ అడ్డూ తీసేయగలదు. మొల్ల పుట్టిన నేలలో అది ఎప్పుడో తీరాల్సిన బాకీ.

పేరు ఎవరిది?

హమాదా సంగతి ఒకటి చెప్పాలి. 1955లో జపాన్ ఆయన్ను సజీవ జాతీయ నిధిగా గౌరవించింది. అంత పేరున్న మనిషి తన పాత్రల మీద సంతకం పెట్టడం మానేశాడు. పేరులేని పల్లె కుమ్మరులు చేసిన రోజువారీ పాత్రల్లోనే అసలు అందం ఉందని నమ్మిన బృందం వాళ్లది.

గొప్ప సంగతే. కానీ హమాదా సంతకం పెట్టకపోయినా, పాత్ర చూడగానే ఎవరిదో అందరికీ తెలిసేది, ధర పలికేది. అవ్వ కుండ మీద కూడా సంతకం లేదు. అది ఆమె వద్దనుకున్నది కాదు, ఎవరూ అడగనిది. ఇద్దరి పనీ ఒకటే. మట్టి ఎంచడం, మంట కనిపెట్టడం, చేత్తో లెక్కకట్టడం. తేడా అల్లా ఒకరికి ధర చెప్పే హక్కు ఉంది, ఇంకొకరికి తగ్గించే అలవాటు మాత్రమే మిగిలింది.

పాతదీ కొత్తదీ కలవాలంటే ముందు కుమ్మరి బిడ్డకు ఆ పని మీద ఉండాలనిపించాలి. షోరూమ్‌లో తొమ్మిది వందలు చెల్లించే మనం, రోడ్డు పక్కన యాభై దగ్గర పంతం పట్టుకుంటే ఆ బిడ్డ ఏ కంపెనీ గేటు దగ్గరో ఉద్యోగం వెతుక్కుంటాడు. అప్పుడు ప్రదర్శనలు మిగులుతాయి, సారెలు మిగలవు.

ఈ వేసవిలో మళ్లీ అక్కడే బండి ఆపాను. అవ్వ ఉంది. కుండ మూడొందలంది. మూడొందలూ లెక్కపెట్టి చేతిలో పెట్టాను. అవ్వ నోట్ల వైపు చూసింది, నా వైపు చూసింది.

‘‘బ్యారం ఆడలేదే? ఒంట్లో బాగుండాదా నాయనా?’’ అంది.