కాజువాల్టీలో మంచం ఎందుకు దొరకదు?

పసుపు చేలో పొద్దుగూకినాక పాము కరిస్తే, మాక్లూర్ వాళ్లు మనిషిని బండి మీద ఇద్దరి నడుమ కూర్చోబెట్టుకొని నేరుగా నిజామాబాద్ పెద్ద దవాఖానకే పోతారు. మెడికల్ కాలేజీకి అనుబంధమైన ఆ దవాఖానకు బోధన్, ఆర్మూర్ వాళ్లే కాదు, సరిహద్దు అవతల మహారాష్ట్ర పల్లెల జనమూ వస్తారు.

ఇలాంటి చోట రద్దీ తగ్గించేందుకు ప్రభుత్వం ఎంచుకున్న దారి చిన్న రోగాలను ఊళ్లోనే చూడటం. 2018లో హైదరాబాద్‌లో బస్తీ దవాఖానలు మొదలయ్యాయి, తర్వాత ఊళ్లలోని ఆరోగ్య ఉపకేంద్రాలు పల్లె దవాఖానలయ్యాయి. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. ఊళ్లోనే బీపీ గోలీలు అంది, వాటిని మానకుండా వేసుకునే మనిషి పక్షవాతంతో అర్ధరాత్రి 108 ఎక్కే ప్రమాదం తగ్గుతుంది. ఆ మేలు ఏ కాజువాల్టీ రిజిస్టర్‌లోనూ కనిపించదు.

కానీ పల్లె దవాఖాన సాయంత్రానికే మూతపడుతుంది. కూలికి పోయేవాళ్లకు తీరిక దొరికేది ఆ తర్వాతే. అప్పుడు కాజువాల్టీకి వచ్చినవాళ్లను “జ్వరానికి ఇక్కడికెందుకొచ్చిండ్రు” అని గద్దించడం అన్యాయం. పైగా జ్వరమొచ్చిన మనిషి సూదేయించుకొని, గోలీలు తీసుకొని వెళ్లిపోతాడు. డాక్టరుకు పని పెరిగే మాట నిజమే గానీ మంచాన్ని ఆపేది ఆ జ్వరం రోగి కాదు.

పాము కాటు కేసే చూడండి. కొంచెం నెత్తురు తీసి పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే విరుగుడు మందు ఎక్కించాలి. గడ్డకట్టినా 24 గంటలు కనిపెట్టుకొని ఉండాల్సిందే. కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది, ఈ పరీక్షకు దొరకదు. వార్డులో చోటు లేకపోతే ఆ రోజంతా రోగి కాజువాల్టీ మంచం మీదే ఉంటాడు. తర్వాత వచ్చిన యాక్సిడెంట్ కేసు 108 స్ట్రెచర్ మీదే ఎదురుచూస్తుంది, ఆ బండి మరో ఊరికి కదలలేదు.

బ్రిటన్‌లో కాజువాల్టీకి వచ్చిన రోగిని నాలుగు గంటల్లోపు చూసి, ఇంటికో వార్డుకో పంపాలన్న లక్ష్యం పెడితే నిరీక్షణ తగ్గింది. గడువు ముగిసే చివరి నిమిషాల్లో హడావిడిగా వార్డులకు తరలించడమూ పెరిగింది. వార్డుల్లో మంచాలు పెంచకుండా గడియారాన్ని బిగిస్తే ఇక్కడా జరిగేది అదే.

జగిత్యాలకు 2022లో, కామారెడ్డి, నిర్మల్‌లకు 2023లో మెడికల్ కాలేజీలు రావడం నిజామాబాద్‌కు ఊరట. అయితే రాత్రి డ్యూటీలో మత్తు డాక్టరు, ఎముకల డాక్టరు లేని చోట ఎన్ని మంచాలున్నా “హైదరాబాద్ గాంధీ దవాఖానకు తీస్కపోండి” అని రాసిస్తారు.

ప్రతి పీహెచ్‌సీలో రాత్రి డాక్టరుండాలని అడగడం తేలికే. నలుగురు రోగులు కూడా రాని చోట ఒక డాక్టరును రాత్రంతా కూర్చోబెడితే ఆ మేరకు పెద్ద దవాఖానకు మనిషి తగ్గుతాడన్న అభ్యంతరాన్ని కాదనలేను. అందుకే ముందు ఆర్మూర్, బోధన్ దవాఖానల్లో రాత్రిపూట పాము కాటు రోగిని 24 గంటలు ఉంచుకోగల డాక్టర్లను, నర్సులను, మందును సమకూర్చాలి. నిజామాబాద్‌లో కాజువాల్టీ పక్కనే కనిపెట్టి చూసే వార్డు పెట్టాలి. కొత్త పల్లె దవాఖానల కన్నా ముందు డబ్బు అటు పోవాలంటాను.