మూసీ ఒడ్డు గొంతులు

తూర్పు లండన్‌లో ఎం11 లింక్ రోడ్డు కోసం దాదాపు 400 ఇళ్లు కూల్చేశారు. 1994లో అలా ఇల్లు పోయినవాళ్లలో గ్రేమ్ మిల్లర్ అనే కళాకారుడు ఒకరు. 2003లో ఆయన ఆ దారికే తిరిగొచ్చి ‘లింక్డ్’ చేశారు. విగ్రహం పెట్టలేదు, గోడలకు రంగులు వేయలేదు. మూడు మైళ్ల మేర దీపస్తంభాలకు 20 ట్రాన్స్‌మిటర్లు బిగించారు. దగ్గర్లోని గ్రంథాలయంలో రిసీవర్, హెడ్‌ఫోన్లు తీసుకుని నడిస్తే, ఒకప్పుడు అక్కడ కాపురమున్నవాళ్లు తమ ఇళ్ల గురించి, వీధి గురించి చెప్పుకున్న మాటలు వినిపిస్తాయి. పక్కన కార్లు దూసుకుపోతుంటాయి. స్తంభం దాటి ముందుకెళితే మాట తెగిపోతుంది. వినాలంటే ఆ చోటే నిలబడాలి. ఆ పనిలో నన్ను కట్టిపడేసింది ఇదే.

మన మూసీకి ఇలాంటిది కావాలి, అదీ త్వరగా.

2024 సెప్టెంబరు చివర్లో చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వైపు నదీగర్భంలోని ఇళ్ల గోడల మీద, నది సుందరీకరణ కోసం కూల్చాల్సినవన్న గుర్తుగా, ఎర్రరంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాశారు. ఆ తర్వాత ఎన్నో కుటుంబాలు సామాను సర్దుకుని డబుల్ బెడ్‌రూం కాలనీలకు వెళ్లిపోయాయి. వాళ్లను తరలించడం న్యాయమా కాదా అన్నది పెద్ద వాదన, వరద ముప్పు మాత్రం నిజం. కానీ రేపు ఒడ్డున తోటలు, నడకదారులు వచ్చాక ఇక్కడ పిల్లలు పుట్టి పెరిగారని, పెళ్లిళ్లు జరిగాయని ఎవరు చెబుతారు?

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద మనకింకా గుర్తుందంటే, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఒక కారణం. 150 మంది దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. తల్లినీ భార్యనూ కూతురినీ ఆ నీళ్లలో పోగొట్టుకున్న అమ్జద్ హైదరాబాదీ ఆ దుఃఖాన్ని ఉర్దూ కవిత్వంలో పెట్టారు. ఇప్పుడు వెళ్లిపోయినవాళ్లకూ ఒడ్డున అలాంటి చోటొకటి ఉండాలి.

గోడల మీద బొమ్మలు వద్దనడం లేదు. 2016లో ఎంఎస్ మక్తా గోడలకు రంగులద్దినప్పుడు, అంతవరకు ఆ బస్తీ ముఖం చూడనివాళ్లూ వెళ్లి చూశారు. అయితే ఫ్లైఓవర్ స్తంభం మీద చార్మినార్‌ను ఎంత అందంగా గీసినా, ఆ స్తంభం లేచిన చోట ఎవరుండేవారో అది చెప్పదు.

మన మూసీ నడక అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ దగ్గర మొదలవ్వాలి. 1891లో పుట్టిన ఆ ఆసఫియా గ్రంథాలయం ఇప్పుడున్నది నది ఒడ్డునే. హెడ్‌ఫోన్లు అక్కడే ఇవ్వొచ్చు. దగ్గర్లోని చింతచెట్టు మీదుగా చాదర్‌ఘాట్ దాకా సాగాలి. ముహర్రంలో బీబీకా ఆలం ఊరేగింపు అక్కడికి చేరినప్పటి మాతం చప్పుడు అందులో ఉండాలి. తెలుగులో, దక్కనీలో బస్తీవాళ్ల ముచ్చట్లు ఉండాలి: నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చేవి, ముందుగా ఏ సామాను పైకెక్కించేవారు, బోనాలప్పుడు తొట్టెలు ఏ సందు గుండా వెళ్లేవి.

ఏ మాట వినిపించాలో, ఏది తీసేయాలో తేల్చే హక్కు ఆ కుటుంబాలదే. చెప్పినందుకు వాళ్లకు డబ్బూ ఇవ్వాలి. ఇల్లు పోగొట్టుకున్న మనిషి కథను ఉచితంగా తీసుకోవడం తప్పు. నది సుందరీకరణ అంచనాల్లో దీపాల పక్కన, రెయిలింగుల పక్కన దీనికీ ఒక పద్దు రాయాలి. ఇంకా ఖాళీ చేయని ఇళ్లతో మొదలుపెట్టి, తర్వాత కాలనీలకు వెళ్లినవాళ్ల గుమ్మాలు తొక్కాలి. ఎక్కడికెళ్లినా ముందు ముసలివాళ్లతో మాట్లాడాలి.