శరీరవ్యాయామము: ఈతలో మెలకువలు

మన స్త్రీలకు ఈత క్రొత్తవిద్య కాదు. కాలువ యొడ్డులందును, దిగుడుబావుల చెంతను పెరిగిన ఆడపిల్లలు నడుమునకు ఎండు సొరకాయబుర్రలు కట్టుకొని నీళ్లలో దిగుట మన పల్లె లెఱిగినదే. అయినను పిల్లకు ఈడు వచ్చిన పిదప ఆ యీతను మానిపించుట పెక్కిండ్లలో పరిపాటి యయ్యెను. నేడు పట్టణములలో ఈతకొలనులు ఏర్పడి, కొన్నిచోట్ల స్త్రీలకు వేఱు వేళలు నిర్ణయింపబడుటచే, నలుబదియేండ్లు దాటిన గృహిణులు సైతము మరల నీటిలో దిగుచున్నారు. ఇది మిక్కిలి సంతసింపదగినది. కాని వారిలో అనేకులు కొలనును ఒక్కమారు దాటుసరికే రొప్పుచు గట్టు పట్టుకొని, “ఈ వయస్సున మాకిది అబ్బదు” అని నిరాశ చెందుచున్నారు. లోపము సాధారణముగ వారి బలములో లేదు, పద్ధతిలో నున్నది. కావున ఈ మాసమున, ఈత కొంత వచ్చియు త్వరగా అలసిపోవు సోదరీమణులకొఱకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తల నుంచవలసిన తీరు

నీరు గాలికంటె సుమారు 800 రెట్లు సాంద్రమైనది. కావున నీటిని బలముతో త్రోయుటకంటె, నీటికి తక్కువ అడ్డుతగులునట్లు శరీరమును పఱచుటయే మేలు. మన శరీరము నీటిలో తక్కెడవంటిది. గాలి నిండిన ఊపిరితిత్తులు ఱొమ్మును పైకి తేల్చును. కాళ్లు తమ బరువుచే క్రిందికి దిగును. ముఖము తడియునను జంకుతో తల యెత్తితిమా, కాళ్లు మఱింత దిగిపోవును. అప్పుడు మనము ఈదుట మాని, నీటిలో మెట్లెక్కువారివలె శ్రమపడుదుము. బోర్లగా ఈదునప్పుడు ముఖమును నీటిలో నుంచి, చూపు కొలను అడుగున నిలుపవలెను. స్త్రీలకు ఇందొక యనుకూలము గలదు. తుంటియందును తొడలయందును ఉండు క్రొవ్వు నీటికంటె తేలికయైనదగుటచే, వారి కాళ్లు సాధారణముగ పురుషుల కాళ్లకంటె సులభముగ తేలును.

గట్టును పాదములతో తన్ని, చేతులు ముందుకు చాచి, కదలక కఱ్ఱవలె జాఱుట దినమునకు పదిమారులు చేసినచో ఈ తూకము వారమురోజులలో తెలియవచ్చును.

ఊపిరి

అలసటకు అసలు కారణము ఇచ్చటనే యున్నది. క్రొత్తవారు నీటిలో ఊపిరి బిగబట్టి, ముఖము పైకి వచ్చిన క్షణమున విడుచుటయు పీల్చుటయు రెండును చేయజూతురు. ఒక్క క్షణము రెంటికిని చాలదు. ఊపిరాడకపోవుచున్నదను బాధ ప్రాణవాయువు తఱుగుటచేతకంటె, లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకొనుటచే ఎక్కువగ కలుగును. కావున ముఖము నీటిలో నున్నంతసేపు ముక్కునుండియు నోటినుండియు బుడగలు వచ్చునట్లు మెల్లగా విడువవలెను. పైకి వచ్చినప్పుడు నోటితో పీల్చుట యొక్కటియే మిగులును. పీల్చుటకై తల యెత్తరాదు. భుజముతోపాటు మొగమును ప్రక్కకు త్రిప్పి, ఒక చెవిని నీటిలోనే యుంచవలెను.

దీనిని ఇంటియందే అభ్యసింపవచ్చును. ఒక గంగాళమున నీరు నింపి, ముఖము ముంచి మెల్లగా విడుచుట, ప్రక్కకు తిరిగి పీల్చుట, ఇట్లు ఇరువదిమారులు చేయవలెను. కాని ఒక హెచ్చరిక. నీట మునిగి ఎవరెక్కువసేపు ఉందురని పందెములు వేయుట, దానికై ముందుగా గబగబ దీర్ఘముగా ఊపిరులు తీయుట ప్రాణాపాయకరము. బాధ తెలియకయే స్పృహ తప్పును. పిల్లలకు దీనిని ముఖ్యముగ చెప్పవలెను.

చేతులు, కాళ్లు

బారలు వేయునప్పుడు చేయి తన భుజమునకు సూటిగా నీటిలో దిగవలెను. తలమీదుగా రెండవ ప్రక్కకు పోరాదు. పిదప మోచేతిని పైననుంచి, అరచేతితోను ముంజేతితోను నీటిని వెనుకకు, తొడవఱకు త్రోయవలెను. క్రిందికి నొక్కిన నీరు మనలను ముందుకు నడపదు. కాళ్లను మోకాళ్లవద్ద మడచి సైకిలు త్రొక్కినట్లు త్రొక్కరాదు. తుంటినుండి కదలించుచు, చీలమండలను వదులుగా విడిచి చిన్నచిన్నగా ఆడించిన చాలును.

అభ్యాసక్రమము

వారమునకు మూడుదినములు, దినమునకు అరగంట మొదలు ముప్పాతికగంట చాలును. మొదట ఐదునిమిషములు తీరికగా ఈది, పిదప 25 మీటర్ల దూరమును ఎనిమిదిమారులు ఈదవలెను. నడుమనడుమ అరనిమిషము విశ్రమింపవలెను. ప్రతిమారును ఎన్ని బారలు పట్టెనో లెక్కించుకొనుడు. 28 పట్టినచో, తొందరపడక 26తో దాటుటకు యత్నింపుడు. రెండువారములైన పిదప విశ్రాంతిని 20 సెకండ్లకు తగ్గించి, అటుపిమ్మట 50 మీటర్లు నాలుగుమారులుగా పెంచవచ్చును. భుజము నొచ్చినచో ఆనాడు ఆపివేయవలెను.

చీరెతో ఈదుట తగదు. తడిసిన చీరె కాళ్లకు చుట్టుకొనును. ఒంటికి అంటియుండు ఈతదుస్తులు దొరకుచున్నవి. నిండుగ కప్పునవియు గలవు. కొలనులో దిగుటకు ముందు జుట్టును మంచినీటితో తడిపిన, క్లోరిన్ నీటిని అంతగా పీల్చుకొనదు. ఋతుదినములందు ఈత హానికరమను మాట నిజము కాదు. లోపల ధరించు సాధనములు వాడువారు నిశ్చింతగ ఈదవచ్చును. ప్రసవమైనవారు మాత్రము వైద్యుల యనుమతి పొందిన పిదపనే దిగవలెను.

ఓర్పునకు నిదర్శనములు

వంగదేశపు ఆరతీ సాహా 1959 ఆగస్టులో ఇంగ్లీషు ఛానెలును ఈద యత్నించి విఫలురాలయ్యెను. నిరాశ చెందక సెప్టెంబరు 29వ తేదీన మరల యత్నించి, 16 గంటల 20 నిమిషములలో దానిని దాటి, ఆసియా స్త్రీలలో ప్రథమురాలయ్యెను. అప్పటికి ఆమెకు 19 యేండ్లు. ఇది యౌవనమున సాగిన కథ యందురా? మన తెలుగుసీమకు చెందిన శ్రీమతి గోలి శ్యామల నడివయస్సున ఈత నేర్చి, 47వ యేట, 2021 మార్చినెలలో, శ్రీలంకకును మనకును నడుమ నున్న పాక్ జలసంధిని ఈదిరి.

అందఱును సముద్రములు దాటనక్కఱలేదు. కాని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనాప్రకారము 2021లో లోకమున సుమారు 3 లక్షలమంది నీటమునిగి మరణించిరి. వారిలో పసిపిల్లలు అనేకులు. చెరువులు, కాలువలు, బావులు మన యిండ్లచెంతనే యున్నవి. ఈత వచ్చినదని మునుగువారికొఱకు వెంటనే దుముకరాదు. భయముచే వారు రక్షించువారినే పట్టుకొని ముంచుదురు. కేకవేసి సాయము పిలిచి, గట్టుననుండి వెదురుకఱ్ఱయో, త్రాడో, చీరెయో అందింపవలెను. ఈ మాటను ఇంటిలో ప్రతివారికి తెలుపుడు. కొడుకుతోపాటు కూఁతునకును ఈత నేర్పింపుడు. నేర్పించునప్పుడు గట్టున కూర్చుండి చూచుటతో తృప్తిపడక, వీలున్నచో మీరును దిగుడు.