ఈ దారం దేన్ని లాగుతుంది?

ప్లాస్టిక్ నమూనా ఓడలు కట్టే అలవాటున్నవారికి ఇది అనుభవమే. ఓడ దేహాన్ని అతికించడానికి ఒక ఆదివారం, రంగులు వేయడానికి రెండు వారాలు, స్తంభాలు నిలబెట్టడానికి మరొక వారం సరిపోతాయి. ఆ తరువాత చాలా ఓడలు అటక ఎక్కుతాయి. కారణం తాళ్లు. స్తంభాలను, తెరచాపలను పట్టి ఉంచే ఆ అల్లిక దగ్గరికి వచ్చేసరికి ఉత్సాహం చల్లారిపోతుంది.

మా ఇంటి అటక మీద కూడా అటువంటి ఓడ ఒకటి ఆరేళ్లు ఉండిపోయింది. దాని పేరు కటీ సార్క్. అసలు ఓడను 1869లో స్కాట్లండులోని డంబార్టన్‌లో కట్టారు. మొదట చైనా నుండి తేయాకును, తరువాత ఆస్ట్రేలియా నుండి ఉన్నిని ఇంగ్లండుకు మోసిన ఓడ అది. ఇప్పుడు లండనులోని గ్రీనిచ్‌లో ప్రదర్శనశాలగా నిలిచి ఉంది. నా దగ్గర ఉన్నది 1/96 నిష్పత్తిలో చేసిన నమూనా. అసలు ఓడలో 46 మీటర్ల ఎత్తున్న ప్రధాన స్తంభం నా బల్లమీద 48 సెంటీమీటర్లు.

ఆరేళ్ల తరువాత దానిని కిందికి దించి, పెట్టె మీది బొమ్మను ఎదురుగా పెట్టుకుని, ఓ నలభై దారాలు అతికించాను. దూరం నుండి చూస్తే ఘనంగానే ఉంది. మా అమ్మ కళ్లజోడు సవరించుకుని, దగ్గరగా వంగి చూసి, ఒక దారాన్ని వేలితో చూపిస్తూ "ఏరా, ఈ దారం దేన్ని లాగుతుంది?" అని అడిగింది.

నా దగ్గర సమాధానం లేదు. ఆ దారం అడ్డకొయ్య చివర నుండి బయలుదేరి, ఓడ అంచున ఏ ఆధారమూ లేనిచోట ఒక జిగురు చుక్కలో అంతమైంది. పక్కదాని సంగతి అడిగింది. అదీ తెలియదు. ఆ రాత్రి నలభై దారాలనూ చిన్న కత్తెరతో కోసివేశాను. అప్పటినుండి నాలో స్థిరపడిన అభిప్రాయమే ఈ వ్యాసానికి కారణం: ఏ పని చేస్తుందో తెలియని తాడును నమూనా ఓడకు కట్టకూడదు. తెలిసినవి పదే అయితే పదే కట్టాలి.

ఈ మాట కొందరికి చాదస్తంగా తోచవచ్చు. "అద్దాల బీరువాలో పెట్టే బొమ్మకు ఇంత పట్టింపు దేనికి, ఎవరు చూడవచ్చారు?" అంటారు. కాని తెరచాప ఓడ అంటే ఏమిటి? ఇంజను లేదు. గాలిని పట్టి, మలిచి, అవసరమైనప్పుడు వదిలివేసే యంత్రం ఆ తాళ్లే. వాటిని అలంకారంగా భావించి కట్టడం గడియారం బొమ్మ గీసి ముళ్లను తోచినచోట పెట్టినట్లే.

కటీ సార్క్‌కు ఉన్న తాళ్ల పొడవు సుమారు 11 మైళ్లని చెబుతారు. అంటే దాదాపు 17,700 మీటర్లు. 96తో భాగిస్తే 184 మీటర్లు. చిన్న కుట్టుదారపు రీళ్లు రెండు మూడింటితో సరిపోయే పని అది. కనుక మనను భయపెట్టవలసింది దారం పొడవు కాదు, దాని మర్మం తెలియకపోవడమే.

ఆ మర్మం మొదటి మెట్టులో ఏమంత కష్టమైనది కాదు. తాళ్లు రెండు జాతులు. స్తంభాలను ముందుకూ వెనుకకూ పక్కలకూ లాగి నిటారుగా నిలిపే తాళ్లు కదలవు. అసలు ఓడలో వీటిని వాతావరణం తినివేయకుండా తారు పూసేవారు, కనుక నమూనాలో వీటికి నలుపుకు దగ్గరి రంగు. అడ్డకొయ్యలను ఎత్తడానికి, దించడానికి, గాలివైపు తిప్పడానికి, తెరచాపను ముడవడానికి వాడే తాళ్లు నిత్యం కదులుతాయి. వీటిది లేత గోధుమ రంగు. ఈ ఒక్క భేదం పాటిస్తే చాలు, బొమ్మ సగం ఓడ అవుతుంది. కట్టే వరుస కూడా ఇందులోనే ఉంది: కదలనివి ముందు, కదిలేవి తరువాత, లోపలివి ముందు, బయటివి తరువాత.

కదిలే తాళ్లలో ప్రతిదానికీ ఓడ అంచున తనదైన మేకు ఉంటుంది. అర్ధరాత్రి, అలలు డెక్కును కడిగివేస్తున్న వేళ, నావికుడు చేతితో తడిమి సరైన తాడును పట్టుకోవాలి. తప్పు తాడు విప్పితే పైన అడ్డకొయ్య మీద ఉన్న మనిషి ప్రాణం పోవచ్చు. అందుకే మేకుల వరుస ఓడనుండి ఓడకు పెద్దగా మారేది కాదు. ఈ సంగతి తెలిశాక జిగురు చుక్కలో దారాన్ని ముగించడానికి నాకు చేయి రాలేదు.

ఇక రెండవ పక్షం వారున్నారు. "కడితే అన్నీ కట్టాలి, లేకపోతే మానుకోవాలి" అనేవారు. నా ఓడ ఆరేళ్లు అటక మీద ఉన్నది ఈ సిద్ధాంతం వల్లనే. వారికి నా సమాధానం కటీ సార్క్ చరిత్రలోనే ఉంది. 1895లో ఆ ఓడ పోర్చుగీసు వారి చేతికి పోయి పేరు మార్చుకుంది. 1916లో గుడ్ హోప్ అగ్రం సమీపాన తుఫానుకు స్తంభాలు కోల్పోయింది. యుద్ధకాలం, పాత హంగులన్నీ తిరిగి సమకూర్చడం సాధ్యం కాలేదు. అడ్డకొయ్యల తెరచాపలను ముందు స్తంభానికే పరిమితం చేసి, తక్కువ తాళ్లతో సరిపెట్టారు. ఆ రూపంలోనే అది సముద్రం మీద తిరిగింది. 1922లో కెప్టెన్ విల్‌ఫ్రెడ్ డౌమన్ కొని, పూర్వరూపానికి తెచ్చే పని చేపట్టాడు. తాళ్లు తగ్గినా అది ఓడే, ఎందుకంటే మిగిలిన ప్రతి తాడూ పని చేసింది.

నమూనాలోనూ తాళ్లను నిజాయితీగా తగ్గించే మార్గం ఒకటుంది. ఓడ ఏ స్థితిలో ఉన్నదో ముందే నిర్ణయించుకోవడం. నేను తెరచాపలు విప్పి తీసివేసి, రేవులో నిలిచిన ఓడను ఎంచుకున్నాను. తెరచాప లేనప్పుడు దానిని ముడిచే తాళ్లతో పని లేదు. అయితే మరొక బాధ్యత మీద పడుతుంది. పై అడ్డకొయ్యలలో కొన్ని తెరచాప ఎత్తినప్పుడు మాత్రమే పైకి పోతాయి. లేనప్పుడు కిందికి దిగి, తమను మోసే తాళ్ల మీద బరువు వేసి నిలుస్తాయి. తెరచాపలు లేకుండానే అడ్డకొయ్యలన్నీ పైకెత్తిన నమూనాలు చాలా చూశాను. అవి అందంగానే ఉంటాయి. వాటిని ఎవరు పైకి లాగారు, ఎందుకు లాగారు అని అడిగితే మాత్రం జవాబుండదు.

చేతిపని గురించి నాలుగు మాటలు. నూలుదారం గాలిలోని తేమకు బిగుస్తూ వదులవుతూ ఉంటుంది. పాలియెస్టర్ దారం మేలు. తేనెమైనం మీదుగా లాగితే నూగు అణిగిపోతుంది. పావు మిల్లీమీటరు దారం అసలు ఓడలో 24 మిల్లీమీటర్ల తాడుకు సమానం. అంతకన్నా లావైనవి ఆలోచించి వాడాలి. ప్లాస్టిక్ స్తంభం సన్నగా ఉన్నచోట దారాన్ని గట్టిగా లాగితే వంగిపోతుంది. ముందుకు లాగిన ప్రతిసారీ వెనుకకు లాగే తాడును సరిచూడాలి. అసలు ఓడలో నావికులు చేసినదీ ఇదే. మేకులకు వేలాడే తాడు చుట్టలను నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో తడిపి, ఆరేలోగా కిందికి దువ్వాలి. లేకపోతే బరువే లేనట్లు గాలిలో నిక్కి ఉంటాయి.

స్తంభాల పక్క తాళ్లకు నిచ్చెన మెట్ల వంటి అడ్డదారాలు కట్టాలి. నాలుగు మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున, ప్రతి కూడలిలో ఒక ముడి. కిట్‌తో అచ్చుపోసినవి వస్తాయి గాని నేను వాటిని పక్కన పెట్టాను. రెండు వరుసలకే నా ఓపిక అయిపోయింది. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఏళ్లతరబడి మల్లెమాలలు కట్టిన వేళ్లవి. కాడలను బిగించే ముడికీ ఈ ముడికీ చుట్టరికం ఉంది. శుక్లాల ఆపరేషను అయిన కళ్లతో ఆమె ఆ సాయంత్రం కట్టిన ఏడు మెట్లు నేను కట్టినవాటికన్నా సమంగా ఉన్నాయి. కడుతూనే, "దీని మీద మనుషులు ఎక్కేవారా?" అని అడిగింది. ఎక్కేవారని చెప్పాను. "అయితే గట్టిగా బిగించాలి" అని, కట్టిన ముడినే మరొకసారి లాగి చూసింది.

పని తెలిసి కట్టడమంటే నాకు అర్థమైనది అదే. ఆ మెట్ల మీద ఇక ఎవరూ ఎక్కరని ఆమెకూ తెలుసు.

ఇప్పటికి అరవై మూడు తాళ్లు అయ్యాయి. ప్రతిదానినీ చూపించి ఇది దేన్ని లాగుతుందో చెప్పగలను. మరికొన్ని మిగిలి ఉన్నాయి. వాటి పని తెలుసుకున్నాక కడతాను.